లక్కపూత కింద అజంతా

1920–21 చలికాలంలో ఇద్దరు ఇటాలియన్లు నిజాం ప్రభుత్వపు ఆహ్వానం మీద అజంతాకు వచ్చారు. ఒకరు చిత్రాల పునరుద్ధరణలో పేరుపడ్డ లొరెంజో చెక్కోనీ. రెండవవారు ఆయన సహాయకుడు కౌంట్ ఓర్సీనీ. వరసగా రెండు చలికాలాలు వాళ్ళు గుహల్లో పనిచేశారు. గోడనుంచి విడివడి రాలిపోబోతున్న మట్టిపూతను తిరిగి అతికించారు. విరిగిన అంచులను గారతో కట్టారు. శతాబ్దాల మసినీ ధూళినీ వీలైనంత తుడిచారు. ఆపైన చిత్రాల మీద లక్కతో తయారైన వార్నిషు పూశారు. రాలిపోవలసిన చిత్రాలు గోడను అంటిపెట్టుకుని నిలిచాయి. వెలవెలబోయిన రంగులు తడిపినట్టుగా తేటపడ్డాయి.

కొన్ని దశాబ్దాలు గడిచేసరికి ఆ లక్కపూతే అజంతా చిత్రాలకు పెద్ద సమస్య అయింది. పూత పసుపెక్కి, ఆపైన గోధుమరంగుకు తిరిగింది. నీలం ఆకుపచ్చగానూ, తెలుపు పాతకాగితంలాగానూ కనిపించసాగాయి. మందుగా పూసిన పదార్థాన్ని తొలగించడమే తర్వాతి తరాల నిపుణులకు ప్రధానమైన పనిగా మారింది. వైద్యం వల్ల కలిగే జబ్బుకు వైద్యశాస్త్రంలో ఒక ప్రత్యేక విభాగమే ఉంది. కళాసంపద పరిరక్షణలో కూడా అటువంటి అధ్యాయం ఒకటుంది. అందులో అజంతా ఒక ముఖ్యమైన ప్రకరణం.

నేడు సాంస్కృతిక వారసత్వ పరిరక్షణలో పిఎచ్.డి. చేస్తున్నానని ఎవరైనా యువకుడో యువతో చెబితే, ఆ చదువులో పరిశోధించవలసినది ఏముంటుందని తెలుగు కుటుంబాల్లో పెద్దలు ఆశ్చర్యపోవడం మామూలే. పాతవాటిని శుభ్రం చేయడానికి డాక్టరేటు ఎందుకన్నది వాళ్ళ ప్రశ్న. ఆ ప్రశ్నకు సమాధానం అజంతా గోడల మీదే ఉంది. గోడకు ఏ పూత పూయాలన్నది ఒక నేర్పు. ఆ పూత యాభై ఏళ్ళ తర్వాత ఏమవుతుందన్నది పరిశోధన. మొదటి ప్రశ్న నుంచి రెండవ ప్రశ్నకు చేరడానికి ప్రపంచానికి దాదాపు ఒక శతాబ్దం పట్టింది.

ప్రతులు తీయడమే రక్షణ అనుకున్న కాలం

1819 ఏప్రిల్ 28న మద్రాసు సైన్యానికి చెందిన జాన్ స్మిత్ అనే అధికారి వేటకు వచ్చి వాఘోరా నది లోయలో ఈ గుహలను చూశాడు. పదవ గుహలో చిత్రాలున్న స్తంభం మీద తన పేరూ తేదీ గీకి వెళ్ళాడు. ఆ గీత ఈనాటికీ ఉంది. ఆధునిక ప్రపంచం అజంతాకు చేసిన మొదటి హాని అది; ఈనాటి పరిశోధకులకు అదే మొదటి చారిత్రక ఆధారం కూడా.

తర్వాతి వందేళ్ళలో అజంతాను కాపాడడమంటే ప్రతులు తీయడమే. మద్రాసు సైన్యంలోనే ఉద్యోగి అయిన రాబర్ట్ గిల్ 1844లో ఈ పనికి నియుక్తుడై, జీవితంలో అధికభాగం అక్కడే గడిపాడు. ఆయన గీసి లండన్ పంపిన తైలవర్ణచిత్రాలలో ఎక్కువ భాగం 1866లో క్రిస్టల్ ప్యాలెస్ అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. ఆ తర్వాత బొంబాయి కళాశాలకు చెందిన జాన్ గ్రిఫిత్స్ తన విద్యార్థులతో 1872 నుంచి 1885 వరకు మళ్ళీ ప్రతులు తీయించాడు. వాటిలోనూ చాలా భాగం 1885లో దక్షిణ కెన్సింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదానికి ఆహుతయ్యాయి. 1909–11 మధ్య క్రిస్టియానా హెరింగ్‌హామ్ బృందం మూడవసారి ప్రయత్నించింది. నందలాల్ బోస్, అసిత్ కుమార్ హల్దార్‌లతో పాటు హైదరాబాదు నుంచి సయ్యద్ అహ్మద్, మహమ్మద్ ఫజలుద్దీన్ అందులో పాల్గొన్నారు. జపాను చిత్రకారులు తీసుకువెళ్ళిన ప్రతులు 1923 నాటి టోక్యో భూకంపంలో నాశనమయ్యాయి.

ఇన్నిసార్లు కాలిపోయినా మళ్ళీ మళ్ళీ ప్రతులే తీయడానికి కారణముంది. ఆనాటివాళ్ళ దృష్టిలో కాపాడవలసినది బొమ్మ. గోడ దానికి ఆధారం మాత్రమే. అందువల్ల ప్రతి స్పష్టంగా రావడం కోసం అసలు చిత్రం మీద వార్నిషు పూయడానికి గ్రిఫిత్స్ బృందం వెనుకాడలేదు. బొమ్మ కాగితం మీదికి చేరితే పని ముగిసినట్టే. గోడ మీద మిగిలిన వార్నిషు సంగతి తర్వాతి తరాలకు వచ్చిపడింది.

నిజాం ప్రభుత్వపు నిర్ణయం

అజంతా హైదరాబాదు సంస్థానంలోని ఔరంగాబాదు ప్రాంతంలో ఉండేది. 1914లో సంస్థాన పురావస్తు శాఖ ఏర్పడింది. గులాం యజ్దానీ దానికి తొలి సంచాలకుడై 1943 వరకు కొనసాగాడు. హెరింగ్‌హామ్ బృందంలో ప్రతులు గీసిన సయ్యద్ అహ్మద్ గుహల సంరక్షకుడిగా నియమితుడయ్యాడు. నాటి ప్రభుత్వంలో ఉన్నతాధికారి అయిన అక్బర్ హైదరీ ఈ గుహల విషయంలో ప్రత్యేక శ్రద్ధ కనబరిచాడు.

బొమ్మతో పాటు గోడను కూడా నిలబెట్టుకోవాలన్న నిశ్చయం ఇక్కడే మొదలైంది. గబ్బిలాలు లోపలికి రాకుండా కట్టుదిట్టం చేయడం, కొండపైనుంచి కారే వాననీటిని మళ్ళించడం, శిథిలమైన స్తంభాలను బాగుచేయడం వంటి పనులు సాగాయి. చిత్రాల విషయంలో మాత్రం తమవద్ద నైపుణ్యం లేదని గుర్తించి, ఇటలీ నుంచి నిపుణులను రప్పించారు. ఆ రోజుల్లో కుడ్యచిత్రాల మరమ్మత్తుకు ఇటలీని మించిన దేశం లేదు. సంస్థానం చేసినది ఆనాటి పరిజ్ఞానాన్ని బట్టి అత్యుత్తమమైన ఎంపిక. చెక్కోనీ వాడిన పద్ధతులూ ఆనాటి ఇటలీలో అంగీకృతమైనవే. ఇందులో నిర్లక్ష్యం ఎవరిదీ లేదు. అజంతా కథ పరిరక్షణ విద్యార్థికి ఇంత ముఖ్యం కావడానికి కారణం అదే. నిర్లక్ష్యం వల్ల జరిగిన హాని నుంచి నేర్చుకోవలసినది కొద్ది. సమర్థుడు, శ్రద్ధగా, నాటి శాస్త్రం ఒప్పుకున్న పని చేసినప్పుడు జరిగిన హాని నుంచి నేర్చుకోవలసినది చాలా ఉంది.

లక్క స్వభావం

లక్క తెలుగువారికి కొత్త పదార్థం కాదు. ఏటికొప్పాక బొమ్మల మెరుపూ, హైదరాబాదు లాడ్‌బజారు గాజుల తళుకూ లక్కవే. చెట్టుకొమ్మల మీద గుంపులుగా బతికే ఒక చిన్న పురుగు స్రవించే రెసిన్ అది. శుద్ధిచేసి సారాయిలో కరిగిస్తే వడ్రంగులు చెక్కసామాను మీద వేసే స్పిరిట్ పాలిష్ అవుతుంది. త్వరగా ఆరుతుంది, బాగా అంటుకుంటుంది, మెరుస్తుంది. కొత్తగా పూసినప్పుడు దానిలో లోపం కనిపించదు.

లోపాలు కాలంతో బయటపడతాయి. మొదటిది రంగు. తెల్లబరచని లక్కకు సహజంగానే ఎర్రటి పసుపు ఛాయ ఉంటుంది, వయసుతో అది ముదురుతుంది. రెండవది కరగకపోవడం. తాజా లక్క సారాయిలో సులభంగా కరుగుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ దాని అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి, పూసినప్పటి ద్రావకానికి లొంగని పొరగా గట్టిపడతాయి. దాన్ని తీయాలంటే మరింత తీవ్రమైన ద్రావకాలు కావాలి, అవి కింది రంగుకూ ప్రమాదమే. మూడవది బిగుతు. గట్టిపడిన పొర ముడుచుకుని, అడుగున ఉన్న బలహీనమైన రంగును తనతోపాటు పొలుసులుగా లేపుతుంది. వీటికి తోడు గోడలోని తేమకు బయటికి పోయే దారి తగ్గుతుంది. ధూళీ, గబ్బిలాల మురికీ పూతను అంటుకుని నల్లబడతాయి.

నూనెరంగులతో గుడ్డ మీద వేసిన చిత్రానికి ఎప్పటికప్పుడు వార్నిషు మార్చడం యూరపులో అలవాటు. ఆ అలవాటును తేమ ఆడే కొండగుహలోని మట్టిగోడకు వర్తింపజేయడంలోనే చిక్కు ఉంది. అందుకు ముందుగా తెలియవలసిన సంగతి ఒకటుంది: అజంతా గోడ అసలు దేనితో చేసినది?

మద్రాసు ప్రయోగశాల

ఈ ప్రశ్నకు పద్ధతి ప్రకారం సమాధానం చెప్పినవాడు మద్రాసు మ్యూజియంలోని రసాయనవేత్త ఎస్. పరమశివన్. 1930లో ఆ మ్యూజియంలో ఒక రసాయన ప్రయోగశాల ఏర్పడింది. మ్యూజియంలోని కంచు విగ్రహాలకు పట్టిన ఆకుపచ్చని తుప్పు లోహాన్ని లోలోపల తినేస్తూ ఉండడం దానికి ప్రేరణ. విద్యుద్విశ్లేషణతో ఆ విగ్రహాలకు చికిత్స చేయడం పరమశివన్ తొలి పని. అంతకుముందే, 1917లో, భారత పురావస్తు శాఖ మహమ్మద్ సనావుల్లా ఆధ్వర్యంలో రసాయన విభాగాన్ని ప్రారంభించి ఉంది. మ్యూజియంకు అనుబంధంగా పనిచేసిన ప్రయోగశాలలలో మాత్రం మద్రాసుదే మన దేశంలో మొదటిది.

పరమశివన్ దృష్టి కుడ్యచిత్రాల వైపు మళ్ళింది. తంజావూరు, కాంచీపురం, బాదామి, అజంతా చిత్రాలనుంచి ఊడిన చిన్న చిన్న పెచ్చులను తీసుకుని, మట్టిపూతనూ రంగునూ జిగురునూ వేరువేరుగా విశ్లేషించాడు. అజంతా గోడ నిర్మాణం ఇలా తేలింది: గరుకుగా చెక్కిన నల్లరాతి మీద ఇనుము పాలెక్కువైన మట్టి, అందులో రాతినూక, ఇసుక, ఊక, మొక్కల పీచు, దానిపైన మెత్తని మరొక మట్టిపూత, ఆపైన పలచని తెల్లని సున్నపుపూత, దానిమీద రంగులు. ఎరుపుకు జేగురు, పసుపుకు పసుపు మట్టి, నలుపుకు దీపపు మసి, పచ్చకు పచ్చమట్టి. తర్వాతి కాలపు గుహల్లో నీలానికి ఆఫ్ఘన్ ప్రాంతం నుంచి వచ్చిన లాపిస్ లాజులీ రాయి. ఈ రంగులను పట్టి ఉంచినది జిగురు.

ఈ చివరి వాక్యం చిన్నదిగా కనిపించినా, చికిత్స అంతా దానిమీదే ఆధారపడి ఉంది. ఇటలీలో ప్రసిద్ధమైన ఫ్రెస్కో పద్ధతిలో తడిసున్నం మీద రంగు వేస్తారు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని గట్టిపడుతూ రంగును తనలో బంధిస్తుంది. అటువంటి చిత్రం నీటిని కొంతవరకు తట్టుకుంటుంది. అజంతాలో రంగు ఆరిన పూతమీద జిగురుతో నిలిచింది. నీరు తగిలితే జిగురు కరుగుతుంది, మట్టి ఉబ్బుతుంది. మట్టిలోని ఊకా పీచూ పురుగులకు ఆహారం. ఫ్రెస్కోకు చేసే వైద్యం దీనికి పనికిరాదు. రోగనిర్ధారణ లేకుండా మందు వేయకూడదన్న సూత్రం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. చెక్కోనీ వచ్చి వెళ్ళిన పదిహేనేళ్ళ తర్వాత ఆ నిర్ధారణ జరిగింది. చికిత్స ముందు, పరీక్ష తర్వాత.

పరమశివన్ తన పరిశోధనలను మన దేశపు పత్రికల్లోనే కాక, అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు ఫాగ్ మ్యూజియం ప్రచురించే సాంకేతిక పత్రికలోనూ వెలువరించాడు. లలితకళల సాంకేతిక పరిశోధనకే అంకితమైన ఆ పత్రిక 1932 నుంచి 1942 వరకు నడిచింది. మద్రాసులోని ఒక రసాయనవేత్త తంజావూరు గోడ గురించి రాసిన వ్యాసం, యూరపు చిత్రాల మీద ఎక్స్ కిరణాల పరీక్షల సరసన అచ్చయింది. పరిరక్షణ ఒక అంతర్జాతీయ శాస్త్రంగా రూపుదిద్దుకుంటున్న ఆ తొలిదశలోనే దక్షిణాది అందులో భాగస్వామి.

చేతిపని నుంచి పరిశోధన పట్టా వరకు

ఈ శాస్త్రానికి తొలి ప్రయోగశాల బెర్లిన్‌లోది. అక్కడి రాజకీయ మ్యూజియంలు 1888లో ఫ్రీడ్రిష్ రాట్‌గెన్ అనే రసాయనవేత్తను నియమించాయి. తవ్వకాల్లో దొరికిన వస్తువుల సంరక్షణ గురించి ఆయన 1898లో ప్రచురించిన గ్రంథం ఈ రంగంలో తొలి శాస్త్రీయ పాఠ్యపుస్తకాలలో ఒకటి. బ్రిటిష్ మ్యూజియం మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బాంబుల భయంతో వస్తువులను లండన్ భూగర్భ సొరంగాలలో దాచింది. యుద్ధం ముగిశాక బయటికి తీసిచూస్తే తేమవల్ల కంచు, ఇనుము, రాయి పాడైపోయి ఉన్నాయి. కారణం తెలుసుకోవడానికి 1919లో అలెగ్జాండర్ స్కాట్ అనే రసాయనవేత్తను పిలిచారు. అక్కడి ప్రయోగశాల అలా పుట్టింది.

ఇక్కడ ఒక సామ్యం గమనించదగ్గది. మద్రాసు కంచువిగ్రహాలైనా, లండన్ సొరంగాలైనా, అజంతా లక్కపూత అయినా, ప్రతిచోటా పరిశోధనకు దారితీసినది ఒక వైఫల్యం. భద్రమనుకున్నది భద్రం కాదని తెలిసినప్పుడే ప్రయోగశాల అవసరమైంది.

బోధన ఆ తర్వాత వచ్చింది. 1937లో ప్రారంభమైన లండన్ పురావస్తు విద్యాసంస్థలో పురావస్తువుల మరమ్మత్తు పాఠ్యాంశమైంది. 1939లో రోమ్‌లో కేంద్ర పునరుద్ధరణ సంస్థ ఏర్పడింది. దాని తొలి సంచాలకుడు చేజరె బ్రాందీ, పునరుద్ధరణ అనేది కేవలం సాంకేతిక ప్రక్రియ కాదనీ, కళాఖండం విలువను అర్థం చేసుకునే విమర్శ అందులో ఇమిడి ఉందనీ సిద్ధాంతీకరించాడు. యునెస్కో చొరవతో 1959లో రోమ్‌లోనే ఒక అంతర్జాతీయ పరిరక్షణ కేంద్రం మొదలైంది. దాన్ని నెలకొల్పాలన్న తీర్మానం 1956లో న్యూఢిల్లీలో జరిగిన యునెస్కో మహాసభలో ఆమోదం పొందింది. 1960లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం అమెరికాలో తొలి స్నాతకోత్తర శిక్షణ కేంద్రాన్ని తెరిచింది. భారతదేశంలో 1976లో లక్నోలో ఓ. పి. అగ్రవాల్ ఆధ్వర్యంలో జాతీయ పరిశోధనశాల ఏర్పడింది. 1989లో ఢిల్లీలో నేషనల్ మ్యూజియం విద్యాసంస్థ విశ్వవిద్యాలయ హోదా పొంది, పరిరక్షణలో ఎం.ఏ., పిఎచ్.డి. పట్టాలకు దారి తెరిచింది.

విశ్వవిద్యాలయ పరిశోధన ఈ రంగానికి ఏం చేయగలదో రెండు ఉదాహరణలు స్పష్టం చేస్తాయి. 1966 నవంబరు 4న ఆర్నో నదికి వరద వచ్చి ఫ్లోరెన్స్ నగరం మునిగింది. నీరు తీశాక, గోడల్లోకి చేరిన తేమ ఆరేకొద్దీ ఫ్రెస్కోల సున్నం జిప్సంగా మారి రంగులు పొడిపొడిగా రాలసాగాయి. ఫ్లోరెన్స్ విశ్వవిద్యాలయపు రసాయనాచార్యుడు ఎంజో ఫెర్రోనీ, అమోనియం కార్బొనేట్, బేరియం హైడ్రాక్సైడ్‌లను ఒకదాని తర్వాత ఒకటి వాడి, ఆ జిప్సంను తిరిగి సున్నపు పదార్థంగా మార్చి గోడను గట్టిపరిచే పద్ధతిని రూపొందించాడు. గోడ మీద కొత్త పూత పూయడానికి బదులు, గోడలో జరిగిన రసాయన మార్పునే వెనక్కి తిప్పడం దీనిలోని విశేషం. ఇది తడిసున్నపు చిత్రానికి సరిపోయే మందు. మట్టీ జిగురూ కలిసిన అజంతా గోడకు దీన్ని తీసుకుపోయి వాడితే మళ్ళీ చెక్కోనీ కథే.

రెండవది, వేంకటేశ్వరాలయం వల్ల తెలుగువారికి బాగా తెలిసిన పిట్స్‌బర్గ్ నగరం నుంచి. అక్కడి మెలన్ సంస్థలో రాబర్ట్ ఫెల్లర్ 1950 నుంచి చిత్రాల మీద పూసే వార్నిషుల వయసును కొలవడమే వృత్తిగా పెట్టుకున్నాడు. పూతలను తీవ్రమైన వెలుగుకూ వేడికీ గురిచేసి, దశాబ్దాల ముసలితనాన్ని నెలల్లో తెప్పించి, అవి ఎంత పసుపెక్కుతాయో, ఎంత కరగకుండా పోతాయో లెక్కకట్టాడు. 20 ఏళ్ళు కూడా నిలవనివి, 20 నుంచి 100 ఏళ్ళు నిలిచేవి, 100 ఏళ్ళు దాటేవి అని పదార్థాలను తరగతులుగా విభజించాడు. ‘ఇది బాగా పనిచేస్తుంది’ అన్న అనుభవజ్ఞుడి మాటకు ‘ఎన్నేళ్ళు?’ అన్న ప్రశ్న తోడైంది. అజంతాకు 1920లో అందుబాటులో లేనిది ఆ ప్రశ్నే.

పూత మీద పూత

1948లో హైదరాబాదు సంస్థానం విలీనమయ్యాక, 1950లలో అజంతా బాధ్యత భారత పురావస్తు శాఖకు వచ్చింది. 1956లో ఔరంగాబాదు ప్రాంతం బొంబాయి రాష్ట్రంలోకీ, 1960లో మహారాష్ట్రలోకీ మారింది. శాఖలోని రసాయనవేత్తలు లక్కపూతను ద్రావకాలతో కొంచెం కొంచెంగా తీయడం మొదలుపెట్టారు. అది చదరపు అంగుళాల లెక్కన సాగే పని. శుభ్రపరిచిన చోట రంగు నిలవడానికి పాలివినైల్ అసిటేట్ అనే కృత్రిమ రెసిన్‌ను పలచగా పూశారు. అది ఆ కాలపు ప్రపంచమంతటా వాడుకలో ఉన్న, లక్కకన్నా మేలైన పదార్థం. కాలక్రమంలో దాని లోపాలూ బయటపడ్డాయి. అదీ ధూళిని పట్టుకుంది. ఇటీవలి దశాబ్దాలలో పనిచేసినవాళ్ళు లక్కతోపాటు ఆ పూతనూ తొలగించవలసి వచ్చింది. మెక్సికోలోని ప్రాచీన కుడ్యచిత్రాల మీద ఇరవయ్యవ శతాబ్దంలో పూసిన అక్రిలిక్ రెసిన్‌ల విషయంలోనూ ఇదే అనుభవం ఎదురైంది.

పరిరక్షణలో పరిశోధక విద్యార్థి ఏం చేస్తాడన్న ప్రశ్నకు అజంతాను ఉదాహరణగా తీసుకుంటే నాలుగు అంచెలు కనిపిస్తాయి. మొదటిది, గోడ చరిత్ర. ఎవరు, ఎప్పుడు, ఏం పూశారు? ఇందుకు నివేదికలూ, ఉత్తరాలూ, బిల్లులూ, పాత ఫొటోలూ వెతకాలి. హైదరాబాదు సంస్థానపు దస్తావేజులు నేడు తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో ఉన్నాయి. వాటిలో చాలా భాగం ఉర్దూ, పారశీక భాషల్లో ఉంది. ఆ భాషలు చదవగల రసాయనశాస్త్ర విద్యార్థి ఈ రంగానికి ఎంతో విలువైనవాడు. రెండవది, గోడ పరీక్ష. ఆవగింజంత పెచ్చును రెసిన్‌లో పొదిగి, అడ్డంగా కోసి, సూక్ష్మదర్శిని కింద పెడితే మట్టి, సున్నం, రంగు, లక్క, కృత్రిమ రెసిన్ వరస పొరలుగా కనిపిస్తాయి. గోడను తాకకుండా పరారుణ, అతినీలలోహిత కిరణాలలో ఫొటోలు తీసి పూత ఎక్కడెక్కడ ఉందో పటం గీయవచ్చు. మూడవది, ప్రయోగం. అసలు గోడ మీద చేయి వేయకముందే, అదే మట్టి, అదే ఊక, అదే జిగురుతో నమూనా పలకలు చేసి, వాటిమీద లక్క పూసి, కృత్రిమంగా ముసలిదాన్ని చేసి, ఏ ద్రావకం లక్కను తీసి జిగురును వదిలేస్తుందో చూడాలి. నాలుగవది, నమోదు. చేసిన ప్రతి పనినీ, పనిచేయని వాటితో సహా, తర్వాతివాళ్ళు చదివి అర్థం చేసుకునేలా రాయాలి. 1964 నాటి వెనిస్ ఒడంబడిక ఈ చివరి నియమాన్ని స్పష్టంగా చెప్పింది: చేసిన పనికి సవిమర్శకమైన నివేదిక ఉండాలి, అది పరిశోధకులకు అందుబాటులో ఉన్న చోట దాచాలి.

వైద్యుడికి రోగి పాతచీటీ ఎంత అవసరమో గోడకు ఈ నివేదిక అంత అవసరం. పాతచీటీ లేని రోగి విషయంలో వైద్యుడు కనీసం రోగిని అడిగి తెలుసుకోగలడు. గోడకు నోరు లేదు.

రసాయనం చెప్పలేని సమాధానం

ఇంతవరకు చెప్పినవన్నీ శాస్త్రం సమాధానమివ్వగల ప్రశ్నలు. శాస్త్రం ఒక్కటే తేల్చలేని ప్రశ్న తంజావూరులో ఎదురైంది. 1931లో అన్నామలై విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్. కె. గోవిందస్వామి బృహదీశ్వరాలయపు గర్భగుడి చుట్టూ ఉన్న చీకటి ప్రదక్షిణ మార్గంలో, పెచ్చులూడిన నాయకరాజుల కాలపు చిత్రాల వెనుక చోళుల చిత్రాలను గుర్తించాడు. పైపొర తంజావూరును ఏలిన తెలుగు నాయకుల కాలపుది, అడుగుపొర దానికన్నా దాదాపు ఆరు వందల ఏళ్ళు పాతది. అడుగుపొరను చూడాలంటే పైపొర పోవాలి. చోళచిత్రాలు మిక్కిలి అరుదైనవి. నాయకచిత్రాలూ చరిత్రే, తెలుగు కవిత్వానికీ యక్షగానానికీ ఆశ్రయమిచ్చిన ఆస్థానపు అభిరుచికి అవి సాక్ష్యం.

భారత పురావస్తు శాఖ రసాయనవేత్తలు పైపొరను చెడగొట్టకుండా గోడనుంచి వేరుచేసి, ఫైబర్‌గ్లాస్ పలకల మీదికి ఎక్కించే పద్ధతిని రూపొందించారు. రెండు పొరలూ దక్కాయి. అయినా గోడనుంచి విడదీసిన చిత్రం ఆలయంలో అదివరకున్న స్థానాన్ని కోల్పోయింది. ఆ ప్రదక్షిణ మార్గంలో అడుగు తర్వాత అడుగుగా దాన్ని చూసే అనుభవం పోయింది. ఎంత పోగొట్టుకుని ఎంత దక్కించుకోవచ్చు అన్నది చరిత్రకారుడూ, శిల్పీ, అర్చకుడూ, రసాయనవేత్తా కలిసి నిర్ణయించవలసిన సంగతి. పరిరక్షణ పరిశోధనలో రసాయనశాస్త్రం పక్కనే కళాచరిత్ర, పురావస్తుశాస్త్రం, న్యాయం, నీతి ఉండడానికి కారణం ఇదే.

చదువుకోవలసినవాళ్ళు

తెలుగునేలకు ఈ విద్యతో పని తక్కువేమీ కాదు. అమరావతి స్తూపపు పల్నాటి సున్నపురాతి ఫలకాలు 19వ శతాబ్దంలోనే ఊరు విడిచాయి. 1859లో లండన్ చేరినవి 1880లో బ్రిటిష్ మ్యూజియానికి వెళ్ళాయి. తేమనూ గాలినీ అదుపులో ఉంచే ప్రత్యేక గదిలో 1992 నుంచి ప్రదర్శనలో ఉన్నాయి. మద్రాసు మ్యూజియంలో ఉండిపోయినవాటిని ఆ శతాబ్దంలోనే గోడలకు సిమెంటుతో బిగించారు. పడిపోకుండా నిలబెట్టడం దాని ఉద్దేశం. సిమెంటులోని లవణాలు తేమతోపాటు రాతిలోకి ఎక్కి, ఆరినప్పుడు స్ఫటికాలై రాతిని లోపలినుంచి పొడిచేస్తాయని తర్వాత తెలిసింది. లక్క కథకూ సిమెంటు కథకూ తేడా పదార్థంలోనే. లేపాక్షి వీరభద్రాలయపు మంటప కప్పుల మీద 16వ శతాబ్దపు చిత్రాలున్నాయి. వాటికి ఎవరు ఏం చేయబోయినా ముందుగా అడగవలసిన ప్రశ్నలు ఇవే.

ఈ విద్యకు కావలసిన అర్హతలు విచిత్రమైనవి. రసాయనమో భూగర్భశాస్త్రమో క్షుణ్ణంగా రావాలి. పాతభాషలు కొంతైనా చదవగలగాలి. శిల్పి, చిత్రకారుడు, తాపీమేస్త్రి చేతిపని పట్ల గౌరవం ఉండాలి. సున్నం ఎన్నాళ్ళు నానబెట్టాలో, గారలో బెల్లం, కరక్కాయ నీళ్ళు ఎందుకు కలుపుతారో ప్రయోగశాలకన్నా ముందు మేస్త్రికి తెలుసు. పట్టా పొందడానికి నాలుగైదేళ్ళు పడుతుంది, సంపాదన ఇతర వృత్తులంత ఉండదు. వైద్యం, ఇంజనీరింగు తప్ప మరొకటి తలకెక్కని ఇళ్ళలో ఎవరైనా పిల్లవాడో పిల్లో ఈ దారి పడతానంటే, ఆ చదువుకు ఫలమేమిటని అడగడం సహజమే. ఫలం ఒక గోడ మీద చెయ్యి వేయకుండా ఆగగలగడం కావచ్చు. అజంతాకు 1920లో అటువంటి మనిషి ఒక్కడు ఉండి, మట్టిని పరీక్షించేవరకు వార్నిషు ఆపండని చెప్పగలిగి ఉంటే, తర్వాతి వందేళ్ళ శ్రమలో చాలా భాగం తప్పి ఉండేది.

ఆ శ్రమ ఇంకా ముగియలేదు. పర్యాటకుల రద్దీతో గుహల్లోకి వచ్చే తేమా, ధూళీ, వెలుగూ కొత్త సమస్యలు. నేడు అజంతాకు వెళ్ళి మసకవెలుగులో నిలబడి చూసేవారు కొన్నిచోట్ల చిత్రాల మీద పసుపు గోధుమ ఛాయను గమనించవచ్చు. అది వాకాటకుల కాలపు చిత్రకారుడు వేసిన రంగు కాదు. మొన్నటి శతాబ్దంలో, మంచి ఉద్దేశంతో, ఒక మంచి పనివాడు పూసిన లక్క.